పరాయి దేశపు ల్యాబ్‌లో పది వారాలు: ఆ పని పరిశోధనా జీవితంగా ఎలా మారుతుంది

విదేశీ ల్యాబ్‌లో ఒక వేసవి గడిపి వచ్చినవాళ్లలో కొందరికి అక్కడి నుంచే పరిశోధన మొదలవుతుంది. మరికొందరి రెజ్యూమేలో అదొక వాక్యంగా మిగిలిపోతుంది. ఈ ప్రక్రియను విద్యార్థిగా దాటి, ఆ తర్వాత విద్యార్థులను పంపేవైపూ తీసుకునేవైపూ పనిచేశాక నేను నమ్మేది ఇది: ఆ తేడాకు యూనివర్సిటీ పేరుతో పెద్దగా సంబంధం లేదు. ఉన్న కొద్ది వారాల్లో తేలిపోయేంత చిన్న ప్రశ్న దొరికిందా, తిరిగొచ్చాక ఆ పని ఆగకుండా సాగిందా అన్నదే చాలావరకు తేలుస్తుంది. కాబట్టి ఇక్కడ ఎక్కువగా ఆ రెండింటి గురించే రాస్తున్నాను.

డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ ఉదాహరణ అందరికీ తెలిసిందే అయినా దాన్ని ఈ కోణంలో చూసేవాళ్లు తక్కువ. 1911లో డాక్టరేట్ పూర్తిచేసి, కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ గ్రాంటుతో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ దగ్గరికి వెళ్లాడు. అక్కడ పని కుదరలేదు. 1912 మార్చిలో మాంచెస్టర్‌కు, రూథర్‌ఫర్డ్ ల్యాబ్‌కు మారాడు. అక్కడున్నది నాలుగు నెలలే. ముందు రేడియోధార్మికత కొలతల్లో శిక్షణ తీసుకున్నాడు, తర్వాత ఆల్ఫా కణాలు పదార్థం గుండా వెళ్తూ వేగం ఎలా కోల్పోతాయన్న లెక్క పట్టుకున్నాడు. ఆ చిన్న లెక్కలోంచే 1913 నాటి పరమాణు నమూనాకు దారి తెరుచుకుంది. కేంబ్రిడ్జి పేరు చిన్నదేం కాదు. మాంచెస్టర్‌లో మాత్రం ఆ సమయానికి పరమాణువు మధ్యలో ఉండే కేంద్రకం అనే కొత్త విషయం బల్లమీద ఉంది, దాని గురించి రోజూ మాట్లాడే మనుషులు ఉన్నారు. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇదే.

ఎక్కడికి, ఎవరి దగ్గరికి

దారులు రెండు: ఏర్పాటైన కార్యక్రమాలు, లేదా నేరుగా ప్రొఫెసర్‌కు రాయడం. కార్యక్రమాలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటాయి, ఆ తీరు చూసే దరఖాస్తు చేయాలి. 1962 నుంచి నడుస్తున్న సెర్న్ (జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం) వేసవి విద్యార్థి కార్యక్రమంలో లెక్చర్లూ ప్రాజెక్టూ కలిసి సాగుతాయి, కణ భౌతికశాస్త్రాన్ని విశాలంగా చూడాలనుకునేవాళ్లకు సరిపోతుంది. కాల్‌టెక్‌లో 1979లో మొదలైన వేసవి పరిశోధన కార్యక్రమం సర్ఫ్‌లో విద్యార్థి తన మెంటర్‌తో కలిసి ముందే ప్రతిపాదన రాయాలి, అంటే ఎంపిక దశలోనే పరిశోధన మొదలైనట్టు. కెనడాలోని మైటాక్స్ గ్లోబలింక్ కార్యక్రమం 12 వారాలు. జర్మనీ విద్యార్థి మార్పిడి సంస్థ డీఏఏడీ వారి రైజ్ కార్యక్రమంలో విద్యార్థిని ఒక పీహెచ్‌డీ విద్యార్థితో జతచేస్తారు. ఈ చివరి పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ప్రొఫెసర్ వారానికి అరగంట దొరుకుతారు, బల్ల పక్కన రోజంతా ఉండేది పీహెచ్‌డీ విద్యార్థో, పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పరిశోధన చేస్తున్న పోస్ట్‌డాకో. ఏ కార్యక్రమంలో చేరినా ఆ రోజువారీ గైడ్ ఎవరన్నది ముందే తెలుసుకోవాలి. దేశాన్ని బట్టి, చదివే సంవత్సరాన్ని బట్టి అర్హతలు మారతాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటననే చూడండి, సీనియర్లు చెప్పినదాన్ని పట్టుకుని దరఖాస్తు చేయొద్దు.

నేరుగా రాసేవాళ్లు వేసవికి ఎనిమిది, తొమ్మిది నెలల ముందు మొదలుపెట్టాలి. జవాబులు ఎందుకు రావో తెలిస్తే ఈమెయిల్ ఎలా రాయాలో తెలుస్తుంది. పది వారాలకు వచ్చే విద్యార్థి వల్ల ల్యాబ్‌లో ఒకరి సమయం కనీసం మూడు నాలుగు వారాలు పోతుంది. శిక్షణ, భద్రతా తరగతులు, రసాయనాల ఖర్చు, కూర్చునే చోటు వేరే. ఆ ప్రొఫెసర్ మనసులో మెదిలే ప్రశ్నలు మూడు: ఖర్చు ఎవరు భరిస్తారు, ఏ తేదీల్లో వస్తారు, నేర్పకుండానే ఏం చేయగలరు. మొదటి ఈమెయిల్‌లోనే వీటికి సూటిగా జవాబు ఉండాలి. 'నాకు మీ పరిశోధన అంటే చాలా ఆసక్తి' అనే వాక్యం ఎవరికైనా పంపగలిగినది కాబట్టి ఎవరినీ కదిలించదు.

నూట యాభై, రెండు వందల పదాల్లో ముగించండి. ఆ ల్యాబ్ ఇటీవలి వ్యాసాలు రెండు తీసుకుని సారాంశం కాకుండా పద్ధతుల విభాగం చదవండి. ఒక బొమ్మనో ఒక పట్టికనో ఎత్తిచూపి, దాని మీద నిజంగా మీకు కలిగిన సందేహం ఒకటి అడగండి. ఉదాహరణకు, 'మూడో బొమ్మలో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గింది. శాంపిల్ పాడై తగ్గిందా అన్నది తేల్చడానికి చల్లార్చి మళ్లీ కొలిచారా?' ఇలాంటి ప్రశ్నకు జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఒక పేజీ సీవీ, మార్కుల పట్టిక జతచేయండి. రెండు వారాలు చూసి, ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు లేకపోతే ఇంకో ల్యాబ్‌కు రాయండి.

వీడియోలో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి చాలామంది మొహమాటంతో వదిలేస్తారు. నా రోజువారీ గైడ్ ఆ వారాలన్నీ అక్కడే ఉంటారా? ఈ ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే యూరప్‌లో ఆగస్టులో చాలా ల్యాబ్‌లు సెలవులతో సగం ఖాళీ అవుతాయి. ప్రధాన పరికరం బుక్ చేసుకుంటే ఎన్ని రోజులకు దొరుకుతుంది, కొత్తవాళ్లకు దాని మీద స్వతంత్రంగా పనిచేసే అనుమతి ఎప్పుడిస్తారు? కావాల్సిన రసాయనాలు, శాంపిళ్లు ఇప్పటికే ఉన్నాయా? ఇవి అడిగినవాళ్లను ల్యాబ్‌లు తక్కువగా చూడవు, పైగా పని తెలిసినవాళ్లని అనుకుంటాయి.

ఎన్ని చుట్లు పడతాయో లెక్కేయండి

ప్రాజెక్టు నిర్ణయించేటప్పుడు నేను విద్యార్థుల చేత మొదట చేయించేది ఈ లెక్కే. ప్రయోగం మొదలుపెట్టి, ఒక కొలత చేతికొచ్చి, దాన్ని చూసి ఏదో మార్చి మళ్లీ మొదలుపెట్టేదాకా ఒక చుట్టు. పరిశోధన ముందుకు జరిగేది ఈ చుట్లతోనే. పది వారాల్లో మొదటి రెండు వారాలు శిక్షణకూ అనుమతులకూ, చివరి రెండు రాతకూ అప్పగింతకూ పోతాయి. మిగిలేవి ఆరు.

ఆరు వారాల్లో ఎన్ని చుట్లు? జీబ్రాఫిష్ అనే చిన్న చేప పిండం నుంచి గుడ్లుపెట్టే దశకు రావడానికే సుమారు మూడు నెలలు పడుతుంది, కాబట్టి కొత్త జన్యు వంశం తయారుచేసే పని విద్యార్థికి ఇస్తే ఒక్క చుట్టు కూడా పూర్తికాదు. అరబిడాప్సిస్ మొక్క విత్తనం నుంచి విత్తనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు తీసుకుంటుంది: ఒక చుట్టు, అదీ అదృష్టం బాగుంటే. పండు ఈగ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది రోజుల్లో ఒక తరం పూర్తిచేస్తుంది, అంటే నాలుగు తరాలు. సీ. ఎలిగాన్స్ పురుగుకు 20 డిగ్రీల దగ్గర మూడు, మూడున్నర రోజులు చాలు. బ్యాక్టీరియాలో ప్రోటీన్ తయారుచేసి శుద్ధిచేయడానికి, అంతా సవ్యంగా సాగితే, ఒక పనివారం. ఆరు చుట్లు వస్తాయి, వాటిలో సగం ఏదో కారణంతో పోతాయి, మిగిలిన మూడు ఒక గ్రాఫుకు సరిపోతాయి. సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-కిరణాలు పుట్టించే భారీ యంత్రం) మీద ఆధారపడిన పనైతే పరికరం పక్కనే ఉన్నా లాభం లేదు. ఆ కిరణాలు వాడుకునే బీమ్ సమయానికి ప్రతిపాదన నెలల ముందే ఇవ్వాలి, ఎనిమిది గంటల షిఫ్టుల లెక్కన కేటాయిస్తారు, ఆ తేదీలు మారవు. మీరున్న వారాల్లో ఆ ల్యాబ్‌కు షిఫ్టులు ఉంటే అది బంగారం లాంటి అవకాశం. లేకపోతే పాత డేటా విశ్లేషణే మీ ప్రాజెక్టు, ఆ సంగతి ముందే ఒప్పుకుని వెళ్లాలి.

మనుషుల డేటా, జంతువుల మీద ప్రయోగాలు ఉంటే నైతిక కమిటీ అనుమతి ఇప్పటికే ఉందా అని అడగండి. లేకుంటే మీ పది వారాల్లో అది రాదనే అనుకుని ప్రాజెక్టు మార్చుకోవడం మంచిది.

జీవశాస్త్రమైనా, భౌతికశాస్త్రమైనా, కంప్యూటర్ మీద చేసే లెక్కలైనా నా సలహా ఒకటే. కనీసం నాలుగు చుట్లు పడని ప్రశ్నను తీసుకోవద్దు. 'కొత్త ఉత్ప్రేరకం కనుక్కోవడం' అనేది ప్రాజెక్టు పేరుగా బావుంటుంది. 'ఇప్పటికే ఉన్న ఉత్ప్రేరకంలో నికెల్ శాతాన్ని నాలుగు విలువల దగ్గర మార్చి, ఒకే ఉష్ణోగ్రతలో చర్యావేగం కొలవడం' అనేది పూర్తవుతుంది. ఈ రెండో రకం ప్రశ్న వేసుకోవడం నేర్చుకున్నవాళ్లకు పీహెచ్‌డీలో మొదటి ఏడాది వృథాపోదు. విదేశీ మార్పిడి ఇచ్చే అసలైన శిక్షణ ఇదేనని నా అభిప్రాయం. గడువు కఠినంగా ఉండబట్టే ప్రశ్నను కోసి చిన్నది చేయడం అలవాటవుతుంది.

కాగితాలు

షెంగెన్ (ఉమ్మడి వీసా ఉన్న యూరప్) దేశాల్లో స్వల్పకాలిక వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు. దానికి దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. 12 వారాలంటే 84 రోజులు. చివర్లో వారం రోజులు ఊళ్లు చూసొద్దామనుకుంటేనే హద్దు దాటిపోతుంది. అంతకంటే ఎక్కువకాలం ఉండాలంటే ఆ దేశపు జాతీయ వీసా తీసుకోవాలి. అమెరికాకు జె-1 మార్పిడి వీసా మీద వెళ్లేవాళ్లకు ఆతిథ్య సంస్థ డీఎస్-2019 అనే అర్హత ఫారం పంపాకే వీసా దరఖాస్తు ముందుకు కదులుతుంది. ఇంటర్న్ వర్గంలో వెళ్తే డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక కూడా కావాలి. దాన్ని గైడ్‌తో కలిసి శ్రద్ధగా నింపండి, వారంవారీ పని గురించి రాతపూర్వకంగా మాట్లాడుకునే మొదటి అవకాశం అదే.

ఆహ్వాన లేఖలో తేదీలు, స్టైపెండ్, గైడ్ పేరు, పని స్వభావం స్పష్టంగా ఉండాలి. 'పరిశోధన కోసం' అని ఒక్క ముక్క రాసి ఉంటే వీసా అధికారి అదనపు వివరాలు అడగొచ్చు, దాంతో ఆలస్యం కావొచ్చు. ల్యాబ్‌లో జరిగే నష్టానికి బాధ్యత బీమా ఎవరిదో కూడా అడగండి. కొన్ని సంస్థలు విద్యార్థినే తెచ్చుకోమంటాయి.

మొదటి నాలుగు వారాలు

గుర్తింపు కార్డు, కంప్యూటర్ ఖాతా, లేజర్ లేదా రసాయన భద్రతా తరగతి, వీటికే మొదటి వారం గడుస్తుంది. ఖాతా కోసం విమానం ఎక్కకముందే దరఖాస్తు పెట్టించగలిగితే నాలుగు రోజులు మిగులుతాయి.

ఆ తర్వాత వెంటనే కొత్త ప్రయోగంలోకి దూకాలని ఎవరికైనా ఆత్రంగా ఉంటుంది. దూకకూడదు. ల్యాబ్‌లో ఇప్పటికే ప్రచురితమైన ఒక ఫలితాన్ని మీ చేతులతో మళ్లీ రాబట్టాలి. అది రానంతవరకు, తర్వాత వచ్చే ప్రతి వింత ఫలితానికీ రెండు వివరణలుంటాయి: ప్రకృతిలో నిజంగా ఏదో ఉంది, లేదా మీ పైపెట్ (ద్రవాన్ని కొలిచి పోసే గొట్టం) సరిగ్గా లేదు. ఈ రెండింటినీ విడదీయలేని డేటాను ఎవరూ నమ్మరు. పాత ఫలితం ఒకసారి వచ్చాక మాత్రం మీ కొత్త శాంపిల్‌లో తేడా కనిపిస్తే గైడ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు.

నోట్‌బుక్‌లో తేదీ, రసాయనం బ్యాచ్ నంబరు, పరికరం సెట్టింగులు, అనుకున్న పద్ధతికీ నిజంగా చేసినదానికీ మధ్య తేడా రాయండి. ఈ చివరిది అన్నిటికంటే విలువైనది. పది నిమిషాలు తిప్పాల్సింది పన్నెండు నిమిషాలు తిప్పితే పన్నెండనే రాయాలి. ఫైలు పేర్లలో తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో పెట్టండి. 03-07 అంటే కొన్ని దేశాల్లో జులై 3, అమెరికాలో మార్చి 7. ఇంకో చిక్కు దశాంశ బిందువు. జర్మనీ, ఫ్రాన్స్ వంటి చోట్ల కంప్యూటర్ సెట్టింగుల్లో దశాంశానికి కామా వాడతారు, అక్కడి పరికరం ఇచ్చిన ఫైలును మీ ప్రోగ్రాం చదివితే 3,142 కాస్తా మూడు వేల నూట నలభై రెండైపోవచ్చు. మొదటి రోజే ఒక చిన్న ఫైలుతో పరీక్షించి చూడండి.

ప్రతి శుక్రవారం ఒక పేజీ: ఏం చేశాను, ఏం వచ్చింది, వచ్చే వారం ఏం చేస్తాను, ఏది అడ్డుపడుతోంది. గైడ్‌కు పంపండి. నాలుగో వారం చివర కూర్చుని ఒక నిర్ణయం తీసుకోవాలి. అప్పటికి ఒక్క చుట్టు కూడా పూర్తికాకపోతే ప్రశ్నను సగానికి కోయడమో, ల్యాబ్‌లో ఉన్న పాత డేటాకు మారడమో చేయాలి. ఆరో వారం దాకా 'ఇంకొక్కసారి చూద్దాం' అంటూ లాగితే చేతిలో ఏమీ మిగలదు. ఇది గైడ్‌లు కూడా చేసే పొరపాటే, వాళ్లకు తమ ప్రాజెక్టు మీద ఉండే ప్రేమ అలాంటిది. విద్యార్థే ముందు అడగాలి.

గ్రూప్ మీటింగుల్లో మాట్లాడటం మొదట్లో కష్టంగా ఉంటుంది. మన చదువుల్లో పెద్దవాళ్ల లెక్కను నలుగురిలో ప్రశ్నించడం అమర్యాద అని నేర్పారు. అక్కడ చాలా ల్యాబ్‌లలో ప్రశ్నించకపోతేనే శ్రద్ధ లేదనుకుంటారు. వారానికి ఒక్క ప్రశ్న అడగాలని నియమం పెట్టుకోండి. 'ఆ కంట్రోల్ ఎందుకు ఎంచుకున్నారు?' అన్నది ఎప్పుడైనా అడగదగ్గ ప్రశ్నే (కంట్రోల్ అంటే పోల్చి చూడటానికి మార్పు లేకుండా ఉంచే శాంపిల్).

చివరి రెండు వారాలు

బయల్దేరడానికి పది రోజుల ముందు కొత్త ప్రయోగాలు ఆపేయండి. బాధగానే ఉంటుంది, ఎందుకంటే చేయి కుదిరేది సరిగ్గా అప్పుడే. కానీ అప్పగింత జరగని పని, మీరు వెళ్లిన నెలకు ఫ్రీజర్‌లో పేరులేని గొట్టాల కింద లెక్క.

అప్పగింత పత్రంలో ప్రతి శాంపిల్ ఏ ఫ్రీజర్, ఏ అర, ఏ పెట్టెలో ఉందో, ఫైళ్లు సర్వర్‌లో ఏ దారిలో ఉన్నాయో, ప్రోగ్రాములు ఏ వెర్షన్లతో నడుస్తాయో రాయాలి. పనిచేయని ప్రయత్నాలకు ఒక పేజీ కేటాయించండి. తర్వాత వచ్చే విద్యార్థి మొదట తిరగేసేది ఆ పేజీనే. ఎనిమిది, పది పేజీల నివేదికలో బొమ్మలు ప్రచురణకు ఇచ్చే స్థాయిలో ఉండేలా చూడండి.

డేటా మీరు పుట్టించినా అది మీ సొంతం కాదు. ఏది వెంట తీసుకెళ్లొచ్చో, ఏది థీసిస్‌లో వాడొచ్చో ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. చాలాచోట్ల ఖాతా చివరి రోజు రాత్రికే మూసుకుపోతుంది. ప్లాస్మిడ్లు (చిన్న డీఎన్ఏ వలయాలు), కణజాలం, రసాయనాలు అనుమతి లేకుండా సూట్‌కేసులో వేసుకుని రావొద్దు, అది చట్టవిరుద్ధం కావొచ్చు. రెండు సంస్థల మధ్య పదార్థ బదిలీ ఒప్పందం కుదిరాక కొరియర్‌లో రావాలి, దానికి నెలలు పట్టొచ్చు కాబట్టి చివరి వారం కాకుండా మధ్యలోనే మొదలుపెట్టించండి.

రచయితల జాబితా గురించి గైడ్, ప్రొఫెసర్ ఇద్దరూ ఉన్నప్పుడు వెళ్లేముందే మాట్లాడాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు చెబుతుంది: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, వ్యాసం రాయడంలో లేదా సవరించడంలో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. చాలా రంగాల్లో ఇవే ప్రమాణంగా నడుస్తున్నాయి. రెండో షరతు, మూడో షరతు తీరాలంటే వ్యాసం తయారయ్యే నాటికి మీరు దొరకాలి. కాలేజీ ఈమెయిల్ చదువు ముగిశాక పోతుంది. శాశ్వతమైన చిరునామా ఒకటి, పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు ఒకటి ఇచ్చి రండి.

తర్వాతి ఏళ్లలో

పీహెచ్‌డీ దరఖాస్తుల్లో సిఫారసు లేఖ బరువు మనవాళ్లు అనుకునేదానికంటే ఎక్కువ. తరగతిలో మార్కులు వేసిన అధ్యాపకులు 'తెలివైన విద్యార్థి' అని రాయగలరు. పది వారాలు పక్కన పనిచేయించుకున్నవాళ్లు 'మూడో వారంలో కంట్రోల్ తప్పని తనే పట్టుకుంది, ప్రయోగాన్ని మార్చి రాసింది' అని రాయగలరు. ఎంపిక కమిటీలో కూర్చున్నవాళ్లు వెతికేది ఇలాంటి వాక్యాల కోసమే. అమెరికాలో చాలా పీహెచ్‌డీ కార్యక్రమాల గడువు డిసెంబరులో ఉంటుంది, కాబట్టి నవంబరు మొదట్లోనే అడగండి. మీ శుక్రవారం పేజీలు జతచేస్తే రాసేవాళ్లకు వివరాలు గుర్తొస్తాయి. రోజువారీ గైడ్ చిత్తుప్రతి రాసి, ప్రొఫెసర్ సంతకంతో పంపే పద్ధతి ఉంటే అది ఇంకా మేలు. యూరప్‌లో పీహెచ్‌డీ స్థానాలు చాలావరకు ఉద్యోగాల్లా ఏడాది పొడవునా ప్రకటిస్తారు. ఆ ల్యాబ్‌లో కొత్త గ్రాంటు వచ్చినప్పుడు గుర్తొచ్చే పేరు, అప్పగింత సరిగ్గా చేసి వెళ్లినవాళ్లది.

దిశ మారడం కూడా ఫలితమే. బల్ల దగ్గర రోజంతా నిలబడే పని తనకు పడదని, డేటా విశ్లేషణలో సమయం తెలియడం లేదని పది వారాల్లో గ్రహించిన విద్యార్థికి ఐదేళ్లు మిగిలినట్టే. ఆ మాట గైడ్‌తో దాచకుండా చెప్పడమే మంచిది, చాలామంది తామే ఇంకో ల్యాబ్‌కు పరిచయం చేస్తారు.

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు ఒకటి చూసుకోవాలి. వీసా మీద, డీఎస్-2019 మీద 212(ఈ) అనే నిబంధన ప్రస్తావన ఉంటే, స్వదేశంలో రెండేళ్లు గడిపేదాకా లేదా మినహాయింపు వచ్చేదాకా హెచ్-1బీ వీసాకు, శాశ్వత నివాసానికి అర్హత ఉండదు. విద్యార్థి వీసా మీద పీహెచ్‌డీకి అది సాధారణంగా అడ్డు రాదు కానీ, ఆ తర్వాత ఉద్యోగం దగ్గర అడ్డొస్తుంది. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే పోస్ట్‌డాక్ ఏ దేశంలో చేయాలో ఆలోచించుకోవచ్చు.

ఇక నేర్చుకున్న పద్ధతిని సొంత ల్యాబ్‌లో నిలబెట్టడం. అక్కడ చక్కగా నడిచింది ఇక్కడ మొరాయిస్తుంది, కారణాలు చాలావరకు చిన్నవే. ట్రిస్ బఫర్ (ఆమ్లతను నిలకడగా ఉంచడానికి వాడే ద్రావణం) పీహెచ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే సుమారు 0.03 తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసిన బఫర్ 4 డిగ్రీల చల్లగదిలో 8.6 దాకా పోతుంది. అక్కడ చల్లగదిలోనే పీహెచ్ సరిచేశారా, బయటా అన్నది నోట్‌బుక్‌లో లేకపోతే ప్రోటీన్ ఎందుకు పాడవుతోందో అంతుపట్టదు. కరెంటు పౌనఃపున్యం కొన్ని దేశాల్లో 50 హెర్ట్జ్, కొన్నింట్లో 60. జపాన్‌లోనైతే తూర్పున 50, పడమట 60. అక్కడి ప్రోగ్రాంలో 60 దగ్గర పెట్టిన ఫిల్టర్‌ను అలాగే తెచ్చుకుంటే ఇక్కడి 50 హెర్ట్జ్ రొద మొత్తం సిగ్నల్‌లోకి వచ్చేస్తుంది.

అందుకే అక్కడ ఉన్నప్పుడే మార్కెట్లో ఎవరికైనా దొరికే ఒక ప్రామాణిక శాంపిల్‌ను కొలిచి, ముడి డేటాను అనుమతితో దాచుకోండి. తిరిగొచ్చాక అదే శాంపిల్‌ను అవే సెట్టింగులతో మూడుసార్లు కొలవండి. రెండు గ్రాఫులూ పొరపాటు హద్దుల్లో కలిస్తే కొత్త శాంపిల్ పెట్టండి. కలవకపోతే బఫర్, ఉష్ణోగ్రత, ఫిల్టర్, పైపెట్ ఈ వరసలో ఒక్కొక్కటే మార్చి చూస్తూ, ఏది మార్చినప్పుడు తేడా పోయిందో ఆ పాత గైడ్‌కు గ్రాఫుతో సహా రాయండి.